సున్నాకు రాని ముల్లు

చింతపండు బుట్టను కాటా కొక్కేనికి తగిలించగానే లోపలి స్ప్రింగు కిర్రుమంటుంది. నూనె, తుప్పు కలిసిన వాసన వస్తుంది. నా ఇంట్లో పొద్దున వినిపించే మొదటి చప్పుడు చాలాసార్లు అదే. అప్పుడల్లా రాజయ్య పెద్దయ్య పక్కన నిలబడి, "ముందుగాల ఖాళీ కాటా చూసినవా?" అని అడిగినట్టుంటుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నా భర్త పోయిన ఏడాదే, ఇల్లందులో ఒక వాటా కిరాయికి తీసుకున్నాను. పక్క వాటాలో రాజయ్య పెద్దయ్య ఉండేవాడు. బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య లేదు, పిల్లలు లేరు. పాత ఇనుము కొట్ల వెంట తిరిగి స్ప్రింగు కాటాలు ఏరుకొచ్చేవాడు. ఇత్తడి పలకలవి, పౌండ్ల లెక్కవి, మిర్చి కొట్లలో వాడి పారేసినవి గోడ నిండా వేలాడేవి. దారంతో ఒక్కోదానికి ఒక్కో చీటీ.

"గీ చీటీలేంది పెద్దయ్యా, దిష్టి తగలకుండనా?" అన్నాను ఒకసారి.

పకపకా నవ్వాడు. "దిష్టి గాదు, దాని రోగం. ఏది ఎంత తప్పు జూపిస్తదో రాసిపెట్టిన. తప్పు జెప్పే కాటా చెడ్డది గాదు బిడ్డా. ఎంత తప్పో ఎరుకైతే చాలు."

ఒకటి విప్పి చూపించాడు. బరువు లాగితే స్ప్రింగు సాగుతుంది. దానికి అతికిన ముల్లు గీతల మీద దిగుతుంది. రెట్టింపు బరువుకు రెట్టింపు దిగుతుంది. బరువు తీస్తే స్ప్రింగు ముడుచుకుని ముల్లును సున్నాకు తెస్తుంది. చీటీ లేని కాటా ఆ గోడకు ఒక్కటే ఉండేది. నేను అమ్మే చింతపండు తూచుకొమ్మని దాన్నే నాకిచ్చాడు.

"తూచినంక దించాలె. బరువుతోటి ఇడిస్తే అలిసిపోతది."

నేను ఎలుకల భయంతో చింతపండు మూటను దానికే వేలాడదీసి, మణుగూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లాను. వారం తరువాత మూట దించితే ముల్లు పావు కిలో దగ్గరే ఆగిపోయింది. ఊపినా కదల్లేదు.

తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. కొక్కేన్ని లాగి వదిలి చూశాడు. తరువాత చీటీ రాసి, కాటాకు కట్టి, నా చేతికే ఇచ్చాడు.

"ఏం రాసినవ్? సమ్మక్క అని నా పేరు రాసినవా?"

"నేనెందుకు జెప్త? సదువుకో, నీకే ఎరుకైతది."

"గీ వయసుల నాకు సదువేంది పెద్దయ్యా!"

"కాటా మీద గీతలు సదువుతలేవా? అచ్చరాలు గూడ గీతలే."

మరుసటి వారం నుంచే సాయంత్రం పెద్దల బడికి పోయాను. చీటీని ఎవరితోనైనా చదివించుకోవచ్చు. కాని సమ్మక్క పాడుచేసిందని అందులో ఉంటే, అది పరాయి నోట వినలేననిపించింది. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం రాకముందే, ఒక ఎండాకాలం, పెద్దయ్య దవాఖానాకు పోయి తిరిగి రాలేదు. దూరపు చుట్టమెవరో వచ్చి గోడ మీది కాటాలన్నీ మళ్లీ పాత ఇనుముకే వేశాడు.

ఆ వానాకాలంలో చీటీ చదవగలిగాను. "స్ప్రింగు పాతది. అలిసింది. పావు కిలో తీసేసి చదవాలి. ఇంకా పనికొస్తది."

నా పేరు లేదు. ఊపిరి పీల్చుకున్నాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆయన చేతిరాతలో ఎక్కడైనా ఒక్కచోట నా పేరు ఉంటే బాగుండునని అప్పుడనిపించింది, తప్పు కిందైనా సరే.

చీటీ వెనక్కి తిప్పి, వంకర అక్షరాలతో నేనే రాసుకున్నాను: సమ్మక్క బరువు దించడం మరిచింది.

ఇప్పటికీ ముందు ఖాళీ కాటా చూస్తాను. పావు కిలో తీసేసి చదువుతాను. తూచగానే దించుతాను.