ఇంచుమించు గారి చమురు లెక్క

ఆయన నోట కచ్చితమైన అంకె ఒక్కటీ వచ్చేది కాదు. ఏమడిగినా సరే, జవాబు "ఇంచుమించు"తో మొదలై "అటూ ఇటూగా"తో ముగిసేది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆఫీసంతటికీ ఆయన ఇంచుమించు గారు.

పంపుల విభాగం నుంచి బదిలీ అయి వచ్చిన ఇంజనీరమ్మకి మొదటిరోజే తల తిరిగిపోయింది.

"మీకు పిల్లలెంతమంది సార్?" అంది మాటవరసకి.

"ఇంచుమించు ఇద్దరు."

"పిల్లల్లో ఇంచుమించేమిటి సార్?"

"పెద్దవాడు ఇంట్లో ఉన్నాడో లేడో ఎప్పుడూ తెలీదమ్మా!"

ఆయన సీట్లో లేనప్పుడు ఒకసారి ఫోను మోగితే ఆవిడే తీసింది. అవతల ఆయన భార్య.

"ఆయన ఎన్నింటికి బయల్దేరతారమ్మా?"

"ఇంచుమించు ఆరింటికన్నారండీ."

పెద్ద నిట్టూర్పు వినిపించింది. "పెళ్ళికి ముందు 'నేను నచ్చానా' అనడిగితే 'ఇంచుమించు' అన్నారు. ముప్ఫయ్యేళ్ళయింది. అదెంత శాతమో ఇప్పటికీ తేలలేదు తల్లీ."

ఇలాంటి మనిషి దగ్గర ఆవిడ చమురు లెక్క నేర్చుకోవాలి. బావిలోకి పొడుగాటి పరికరం దింపుతారు. అది పైకొస్తూ అడుగడుక్కీ రెండు సంగతులు రాస్తుంది: రాయి కరెంటుని ఎంత అడ్డుకుంటోంది, శబ్దం అందులోంచి ఎంత నెమ్మదిగా పోతోంది. అవి కాగితం మీద రెండు గీతలు. చమురు లేని మామూలు మట్టిరాయి దగ్గర ఆ రెండు గీతల్నీ కలపాలి. తర్వాత, చమురు దాచుకునే షేల్ అనే పొరల రాతిలో అవి ఎంత ఎడంగా జరిగితే అంత చమురు ఉండొచ్చన్నమాట.

"ఇంత ఎడముంటే ఎంత చమురు సార్?"

"చెప్పలేం."

"పోనీ, ఉందా?"

"ఉన్నట్టే ఉంది. కానీ ఉందనలేం."

ఆవిడ నోట్సులో 'ఉంది' అని రాసి, కొట్టేసి, 'లేదు' అని రాసి, అదీ కొట్టేసి, చివరికి పెన్ను మూత పెట్టేసింది.

ఇంతలో పెద్దసారు మీటింగు పెట్టాడు. రెండో బావి తవ్వాలా, మనుషుల్ని వెనక్కి పిలిపించాలా అన్నది తేల్చాలి. లెక్క ఆవిడే చెయ్యాలి. తేడా వస్తే తిరిగి పంపుల షెడ్డుకే. మూడు రోజులు గీతలతో కుస్తీపట్టి, మీటింగులో లేచి గట్టిగా చెప్పింది:

"రాతిలో చమురు ఆరు శాతం సార్!"

పెద్దసారు ముఖం వెలిగిపోయింది. ఇంచుమించు గారు తెరమీది గీతల్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మీరేమంటారు?" అన్నాడు పెద్దసారు.

"ఇంచుమించు... ఒకటికీ ఆరుకీ మధ్య."

"ఒకటైతే మూట కట్టుకోవాలి! ఆరైతే కొత్త బావి తవ్వాలి! నన్నేం చెయ్యమంటారు?"

"రెండ్రోజులాగండి. నేను ముందే చూడాల్సింది. తప్పు నాదే."

పెద్దసారు గది అదిరేలా అరిచాడు. ఇంచుమించు గారు తలొంచుకుని విన్నారు. ఇంజనీరమ్మకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే అడిగేసింది.

"నా లెక్కనెందుకు నీళ్ళపాలు చేశారు సార్?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "గీతలు రెండూ సున్నపురాయి పొర దగ్గర కలిపావమ్మా. దాని పైనున్న మట్టిరాయి దగ్గర కలపాలి. అప్పుడు రెండు పాయింట్ నాలుగొస్తుంది."

ఆవిడ నోరు తెరిచింది. ఇంచుమించు లేదు. అటూ ఇటూ లేదు!

"మరి లోపలే చెప్పొచ్చుగా?"

"లోపల చెబితే నువ్వు తప్పు చేసినట్టు. ఇక్కడ చెబితే లెక్క సరిచూసుకున్నట్టు."

మళ్ళీ కలిపి చూసింది. రెండు పాయింట్ నాలుగు! కాగితం పట్టుకుని తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళింది.

"తప్పు నాది సార్. ఆయన నామీద పడకుండా ఆపారు."

"తెలుసు," అన్నాడు పెద్దసారు, కాగితం చూస్తూ. "పన్నెండేళ్ళ కిందట నా లెక్కకి ఇదే గదిలో 'సున్నాకీ పదికీ మధ్య' అన్నాడు. దాన్ని బట్టి చూస్తే నీది చిన్న తప్పే."

"మరి అన్ని కేకలేశారేంటి సార్?"

"నేను కనిపెట్టేశానని తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటాడమ్మా," అన్నాడు పెద్దసారు. లేచి తలుపు దగ్గరికెళ్ళి, బయటికి వినపడేలా ఇంకో కేక వేశాడు.