గెడ్డ దగ్గర రెండో పిలుపు

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేదాన్ని నేనే. చీకటి పడ్డాక పెరట్లోకి తోడు రమ్మని మా చెల్లెలు అడిగితే తిట్టి పంపేదాన్ని. మాది గజపతినగరం దగ్గర పల్లె. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ చెబితే సగంలోనే లేచిపోతాను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే వింతగా ఉంది.

ముందు నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. అవి తెలియకపోతే జరిగినదాంట్లో వింత ఏముందో అర్థం కాదు.

అరకు కొండల్లో గెడ్డలుంటాయి. గెడ్డంటే కొండవాగు. కింద ఒక్క చినుకు లేకపోయినా, పైకొండ మీద గట్టిగా కురిస్తే చూస్తుండగానే పొంగిపోతుంది. అవతలి గట్టున గూడేలున్నవాళ్ళు సంతకి వెళ్ళాలన్నా ఆసుపత్రికి వెళ్ళాలన్నా ఆ నీళ్ళలోంచే నడవాలి. అలా జనం దాటే ఒక చోట హెచ్చరిక డబ్బా పెట్టే పని మా కంపెనీకి వచ్చింది. పైన ఎక్కడో నీటిమట్టం చూసే పరికరం ఉంటుంది. కింద ఇవతలి గట్టున స్తంభానికి స్పీకరున్న డబ్బా ఉంటుంది. పైన నీరు పెరగగానే కింద డబ్బా మోగాలి.

డబ్బా లోపల ఉండేది ఒక చిన్న కంప్యూటరు. అందులో నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఫోన్లో యాప్ వేసుకున్నట్టు దాంట్లో అప్పటికప్పుడు ఏదీ వేయలేం. ఏ ప్రోగ్రామైనా, ఏ ఫైలైనా ఎక్కడి నుంచి తేవాలి, ఎలా తయారు చేయాలి, ఎక్కడ పెట్టాలి అని ఒక రెసిపీ రాయాలి. నా ఉద్యోగం ఆ రెసిపీలు రాయడమే. అన్నిటినీ కలిపి బిల్డ్ చేస్తే వచ్చినదాన్ని మెమరీ కార్డులోకి ఎక్కించి డబ్బాలో పెడతాం. రెసిపీలో లేనిది డబ్బాలో ఉండదు. పైగా ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య రెసిపీలో రాస్తాం, దాన్ని చెక్‌సమ్ అంటారు. ఫైలు పిసరంత మారినా ఆ సంఖ్య కలవదు, బిల్డ్ ఆగిపోతుంది.

సైరన్ ఒక్కటే చాలదని మాకు తొందరగానే తెలిసింది. పరీక్షల పేరుతో అస్తమానం మోగించి దాని విలువ మేమే పోగొట్టాం. అందుకని సైరన్ తర్వాత మనిషి గొంతు పెడదామనుకున్నాం. అవతలి గట్టు గూడెంలో బుద్రి అని యాభై దాటిన ఆవిడ ఉంది. ఆవిడ మాటంటే అక్కడ అందరికీ గురి. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, “గెడ్డ వస్తోంది, వెనక్కి రండి” అని వాళ్ళ భాషలో చెప్పించి ఆఫీసు ఫోనులో రికార్డు చేశాను. ఆ రోజు ఆవిడకి జలుబు. ఒకసారి పిలిచింది, దగ్గింది, మళ్ళీ పిలిచింది.

ఒక్క పిలుపు చాలు, బ్యాటరీ మిగులుతుందని మా మేనేజరు అన్నాడు. సరేనని దగ్గునీ రెండో పిలుపునీ కోసేసి, ఆ ఫైలుకి రెసిపీ రాసి, బిల్డ్ చేసి కార్డు తయారు చేశాను. డబ్బాలు బిగించే మా అప్పలనాయుడు దాన్ని స్తంభానికి ఎక్కించాడు.

పరీక్ష చేసిన రోజు గెడ్డలో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు తల తిప్పలేదు. అప్పలనాయుడు నవ్వాడు.

“ఒకపాలి పిలిస్తే ఎవుడు తిరుగుతాడు మేడమ్? మా ఊర్లోనైనా అంతే.”

అది నాకూ తెలుసు. దయ్యం ఒక్కసారే పిలుస్తుందనీ, మనిషైతే మళ్ళీ పిలుస్తాడనీ, ఒక్క పిలుపుకి తిరగకూడదనీ మా నాయనమ్మ కూడా చెప్పేది. మా పల్లెలో అది రాత్రిపూట మాట. ఇక్కడ గెడ్డ దగ్గర పగలైనా అదే పద్ధతి. నాకు చిరాకేసింది. డబ్బాకి దయ్యమేమిటని విసుక్కున్నాను.

పక్కనే గట్టు మీద ఉన్న బుద్రి కోప్పడలేదు. “నాను రెండుపాలీ పిలిసినాను కదా పాపా. రెండోది ఏటి సేసినావు?” అని అడిగింది.

కోసి పారేశాననే మాట మింగేసి, మారుస్తానని చెప్పాను.

మార్చడానికి కూర్చున్నది సంత రోజు, ఈ పని కోసం అరకులో తీసుకున్న అద్దెగదిలో. దగ్గు లేని మొదటి పిలుపునే పక్కపక్కన రెండుసార్లు పెట్టి కొత్త ఫైలు చేశాను. తొందరలో రెసిపీలో చెక్‌సమ్ మార్చడం మరిచిపోయాను. బిల్డ్ ఆగిపోయింది. నన్ను నేనే తిట్టుకుని, దిద్ది, మళ్ళీ మొదలుపెట్టాను. కార్డు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బయటికి వచ్చి చూస్తే పైకొండ కనబడటం లేదు, అంతా నల్లటి మబ్బే.

“బేగి రండి మేడమ్. పైన కురిసేత్తంది,” అన్నాడు అప్పలనాయుడు జీపు తిప్పుతూ.

సంత దగ్గర బుద్రి ఉప్పు సంచితో నిలబడి ఉంటే ఎక్కించుకున్నాం. ఆవిడ కూతురు లచ్చిమి చంటిబిడ్డని వీపున కట్టుకుని గూడెం ఆడవాళ్ళతో ముందే బయల్దేరిపోయిందట. రెండు పిలుపుల కార్డు నా సంచిలోనే ఉందని చెప్పాను. డబ్బాలో ఇంకా పాతదే ఉందని ఆవిడకి అర్థమైంది. తొందరగా పోనిమ్మని అప్పలనాయుడి భుజం తట్టింది.

దారి పొడుగునా లచ్చిమికి ఫోను ప్రయత్నించాను. సిగ్నల్ లేదు.

జీపు రోడ్డు కొండ అంచున ఆగిపోతుంది. అక్కడి నుంచి కాలిబాట. మలుపు తిరగగానే కింద గెడ్డ కనబడింది. తలల మీద బుట్టలతో ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నీళ్ళలో నడుస్తున్నారు. నడుమన లచ్చిమి, వీపున బిడ్డ. అప్పుడే సైరన్ మోగింది.

ఎవరూ ఆగలేదు.

సైరన్ తర్వాత బుద్రి గొంతు పిలిచింది, ఒక్కసారి. ఎవరూ తిరగలేదు. నేను శక్తికొద్దీ అరిచాను. అంత దూరం వినబడే అవకాశం లేదు. అప్పలనాయుడు బాటలో పడుతూ లేస్తూ పరుగెత్తాడు. నా పక్కన బుద్రి నా మణికట్టు పట్టుకుంది. నోరు తెరిచింది, గొంతు పెగల్లేదు. నేను ఆవిడ మొహంలోకే చూస్తున్నాను కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను, ఆవిడ నోట్లోంచి శబ్దం రాలేదు.

అప్పుడు కింద స్పీకరులోంచి దగ్గు వినబడింది.

జలుబు చేసిన మనిషి దగ్గు. దాని వెనకే బుద్రి గొంతు మళ్ళీ పిలిచింది. నా మణికట్టు మీద ఆవిడ గోళ్ళు దిగాయి.

ముందు లచ్చిమి తిరిగింది. తర్వాత అందరూ తిరిగి ఇవతలి గట్టుకి పరుగు పెట్టారు. చివరి మనిషి బండ మీద కాలు పెట్టిందో లేదో, ఎర్రనీరు చెట్లనీ రాళ్ళనీ తోసుకుంటూ వచ్చి పడింది. ఒక బుట్ట కొట్టుకుపోయింది. మనుషులు మిగిలారు.

బుద్రి దిగి వెళ్ళి లచ్చిమిని రెండు దెబ్బలు కొట్టి, తర్వాత పట్టుకుని ఏడ్చింది.

కిందికి దిగాక నా బుద్ధి నాకు తిరిగొచ్చింది. డబ్బాకి లాప్‌టాప్ తగిలించి చూశాను. లోపల ఉన్నది ఒక్క పిలుపు ఫైలే. చెక్‌సమ్ సరిగ్గా కలిసింది. ఒక్కసారే వినిపించినట్టు డబ్బా తన చిట్టాలో రాసుకుంది. అక్కడికక్కడే మళ్ళీ మళ్ళీ మోగించాం. ఒక్క పిలుపే వచ్చింది. దగ్గు లేదు, కొండ నుంచి ప్రతిధ్వనీ లేదు.

బ్యాటరీలో కరెంటు తగ్గి డబ్బా ఆగి మళ్ళీ లేచి ఉంటుందని అప్పలనాయుడు అన్నాడు. అలా అయితే రెండో పిలుపుకి ముందు మళ్ళీ సైరన్ మోగాలి. పోనీ అదీ వదిలేద్దాం, దగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? నా సంచిలో ఉన్న కొత్త కార్డులో కూడా దగ్గు లేదు. అది ఉన్న కోయని రికార్డింగు రెండే చోట్ల ఉంది, విశాఖలో ఆఫీసు ఫోనులో, ఆ సమయానికి సంచిలో మూసి ఉన్న నా లాప్‌టాప్‌లో.

ఆడవాళ్ళని విడివిడిగా అడిగాను. అందరూ ఒకటే చెప్పారు. లచ్చిమి మాట ఇది: “మొదటిపాలి పిలిస్తే తిరగనేదు అక్కా. తరవాత అమ్మ దగ్గి మళ్ళీ పిలిసింది. మనిసే అని తిరిగినాం.”

నీరు తగ్గడం మొదలయ్యాక కొత్త కార్డు తీసి డబ్బా మూత మీద చెయ్యి వేశాను. బుద్రి అడ్డం వచ్చింది.

“ఒద్దు పాపా. ఇందులో ఏటున్నాదో అదే ఉండనీ.”

“ఇందులో ఉన్నది ఒక్క పిలుపేనమ్మా. మళ్ళీ నీరొస్తే ఒక్కసారే పిలుస్తుంది. నీ కూతురు ఆగదు.”

“రెండోది నాను పిలవనేదు. నువ్వు పెట్టనేదు. ఎవులో పిలిసినారు. ఆలని ఇప్పుడు పొమ్మంటావా?”

మూత మీంచి చెయ్యి తీశాను. లచ్చిమి వీపు మీద బిడ్డ నిద్రపోతోంది. అప్పలనాయుడి వైపు చూస్తే వాడు గెడ్డ వైపు చూస్తున్నాడు. కార్డు సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆఫీసులో ఏం చెప్పానో ఇక్కడ రాయను.

మళ్ళీ వానాకాలం దగ్గర పడుతోంది. కార్డు మారిస్తే ఆ పిలిచినవాళ్ళు వెళ్ళిపోతారేమోనని భయం. మార్చకపోతే ఈసారి పిలవరేమోనని భయం. ఈ రెండింటిలో ఏది పిచ్చిదో తేల్చుకోలేక, సంత రోజున కొండల మీద మబ్బు పట్టిందని తెలిస్తే లచ్చిమికి ఫోన్ చేస్తాను. సిగ్నల్ దొరికి, “ఇంటికాడే ఉన్నాను అక్కా,” అనేదాకా నాకు అన్నం సయించదు. ఆ రోజు పిలిచింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.