పాలపుంత అంచున వంపు

ఎమ్మెస్సీ చివరి ఏడాది నా ప్రాజెక్టు పాలపుంత ఆకారం గీయడం. పేరు ఘనంగానే ఉంది గానీ, నేను చేసిందల్లా తార్‌బహార్ పేటలో మా ఇంటి ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చోవడమే. దూరదర్శినులతో ఎవరో కొలిచిన లెక్కలు ఎవరైనా తీసుకోవచ్చు. వాటిలోంచి, ఉబ్బుతూ తగ్గుతూ వెలుగు మారే నక్షత్రాలను ఏరుకున్నాను. అలాంటి నక్షత్రం ఒకసారి ఉబ్బి తగ్గడానికి ఎన్ని రోజులు పడుతుందో చూస్తే దాని అసలు వెలుగెంతో తెలుస్తుంది. మనకది ఎంత మసకగా కనబడుతోందో చూస్తే దూరం తేలుతుంది. అలా ఒక్కో నక్షత్రానికీ ఒక చుక్క పెట్టుకుంటూ పోతే పాలపుంత బొమ్మ రావాలి.

వచ్చింది, కానీ అంచుల్లో చెడింది. నా పాఠ్యపుస్తకంలో బొమ్మ కంచంలా చదునుగా ఉంది. నా బొమ్మలో ఒక అంచున చుక్కలు పైకి లేచాయి, ఎదుటి అంచున కిందికి జారాయి. మూడుసార్లు లెక్క చూసినా అంతే. ఎల్లుండి ప్రాజెక్టు ఇచ్చెయ్యాలి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ అంచు చుక్కలన్నీ తప్పు కొలతలేనని నేనే తీర్పు చెప్పేసి, ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలుపెట్టాను.

అప్పుడు నాన్న వచ్చి వెనక నిలబడ్డాడు. రైల్వేలో పట్టాలు సరిచేసే గ్యాంగ్‌కి మేట్‌గా, అంటే పెద్దగా, చేసి రిటైరైన మనిషి.

"ఏటమ్మా, ఆ సుక్కలు తీసెత్తన్నావు?"

"వరసలో లేవు నాన్నా. తప్పులు."

"అచ్ఛా." కాసేపు చూశాడు. "తప్పులైతే సెల్లాసెదురుగా ఉండాల గదా. ఈ అంచున ఇయన్నీ పైకే ఎందుకు లెగుస్తన్నాయి?"

"నీకు తెలీదులే, ఊరుకో," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నాన్న నొచ్చుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, చెంప లాప్‌టాప్ పక్కకు ఆనించి, ఒక కన్ను మూసి తెర వెంబడి చూశాడు. ఉస్లాపూర్ లైన్లో పట్టాను కూడా అలాగే వంగి చూసేవాడు.

"నిలబడి సూత్తే పట్టా ఎప్పుడూ తిన్నగానే ఉంటాది. ఇలాగొచ్చి సూడు."

వంగి చూశాను. చుక్కలన్నీ ఎక్కడా తెగకుండా ఒకే వంపులో సాగిపోతున్నాయి. తీసేసినవన్నీ తిరిగి పెట్టాను. తరవాత వెతికితే తెలిసింది, పాలపుంత అంచులు నిజంగానే అలా వంగి ఉంటాయని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారని. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. నాన్న పుణ్యమా అని, ఉన్నదాన్ని చెరిపేసిన పాపం మాత్రం నాకు తగల్లేదు.

ప్రాజెక్టు ఇచ్చొచ్చిన సాయంత్రం ఆ వంపు నిజమేనని చెప్పాను. పొంగిపోతాడనుకుంటే నాన్న ముఖం ముడుచుకుంది.

"మరి మనమెక్కడున్నాం? ఆ వంపు మీదేనా?"

"కాదు నాన్నా. మనమున్న చోటు దాదాపు చదునే."

"అయితే పర్లేదు," అని ఊపిరి వదిలాడు.

వంపు అనగానే నాన్నకు మొదట గుర్తొచ్చింది దాని మీంచి పోయే మనుషులు. ఇన్నేళ్లూ నాన్న చూసుకున్నది ఇనప పట్టాలనే అనుకున్నాను. వంగి కాళ్లకు దండం పెట్టాను.

నాన్న కంగారుగా నా తల మీద చెయ్యి వేశాడు. "ఏటమ్మా, అప్పుడే పాసైపోయావేటి?"