టిష్యూ ప్యాకెట్ వీరుణ్ణి ఎత్తుకుపోయిన అన్నయ్య

ఇది పగ, ద్రోహం, రక్తసంబంధం కలగలిసిన వీరగాథ. కాకపోతే ఇందులో రక్తం ఒక్క చుక్కే కారింది, అదీ నోటుబుక్కుకు అట్ట వేస్తుంటే స్టేప్లర్ గుచ్చుకుని. కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది మా పెద్దమ్మ కొడుకు నా కథ కొట్టేసిన సంగతి, అంతే.

మొన్న పుంగ్గోల్ వెళ్ళే మెట్రో రైల్లో నిలబడి ఫ్యామిలీ గ్రూపు తెరిస్తే, అన్నయ్య టీనేజీ పిల్లల కోసం ఇంగ్లీషులో సూపర్‌హీరో నవల రాశాడనీ, త్వరలో అచ్చవుతోందనీ పెద్దమ్మ అట్టబొమ్మ పెట్టింది. ముసుగు తొడుక్కున్న కుర్రాడు, చేతిలో టిష్యూ ప్యాకెట్. చుట్టాలంతా పూలూ దండాలూ కురిపించారు. పళ్ళు నూరుతూ నేనూ ఓ బొటనవేలు పంపాను.

ఇక్కడే పెరిగిన మీకు చెప్పక్కర్లేదు గానీ, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తే, అంటే జాగా ఆపుకుంటే, ఆ సీటు మనదే, ఎంతటివాడూ కూర్చోడు. యీషున్‌లో మా ఫ్లాట్ కింద అమ్మ కోసం అలా సీటు కాస్తూ, పదమూడేళ్ళ వయసులో ఆ వీరుణ్ణి కనిపెట్టింది నేను. కూలుతున్న మేడ మీదైనా, పట్టాలు తప్పుతున్న రైలు మీదైనా వాడు ప్యాకెట్ పెడితే ఇక మృత్యువైనా ముట్టుకోడానికి వీల్లేదు. యూ టీ పేటలో ఉన్న పెద్దమ్మ ఇంటికెళ్ళినప్పుడు నోరు ఊరుకోక ఈ కథంతా అన్నయ్యకు చెప్పాను, కథ మీద మాత్రం ప్యాకెట్ పెట్టడం మరిచాను. రెండు నెలలకు అది వాళ్ళ స్కూలు పత్రికలో, వాడి పేరుతో వచ్చింది. ఏడుస్తూ చూపిస్తే, "అన్నయ్యేగా, పోనీలే" అంది అమ్మ. ఆ పోనీలేతో నాలోని మంచి పిల్ల చచ్చిపోయింది.

రెండొందల పేజీల నోటుబుక్కు కొని, ఆదివారం తెలుగు క్లాసులో నాకే ఫస్టు మార్కులన్న పొగరుతో, మొత్తం తెలుగులోనే రాశాను. ఇతరుల శక్తులు దొంగిలించే విలన్‌కు అన్నయ్య పళ్ళ క్లిప్పులూ, అన్నయ్య ఇకిలింపూ, పెరుగన్నంలో చిల్లీ సాస్ కలుపుకునే అన్నయ్య అలవాటూ ఇచ్చాను. చివరి అధ్యాయంలో వాణ్ణి ఎంత తీరిగ్గా చంపానంటే పదకొండు పేజీలు పట్టింది. తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాక గుర్తొచ్చింది, తెలుగు క్లాసు ఎగ్గొట్టి ఫుట్‌బాల్ ఆడిన శత్రువుకు తెలుగు చదవడం రాదని.

ఆ సెలవులకు కాకినాడ నుంచి వచ్చిన అమ్మమ్మ, రోజూ మధ్యాహ్నం వాడికి చదివి పెట్టసాగింది. నేను శనివారం శనివారం వెళ్ళి వాడి మొహంలో నొప్పి కోసం వెతికేదాన్ని.

"ఈ విలన్ సూపర్ లా, హీరో కంటే స్మార్ట్," అనేవాడు వాడు, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

అమ్మమ్మ ఇంకా ఘోరం. "ఏమే, ఈ దొంగ సన్నాసికి ఇంత ముద్ద పెట్టేవాళ్ళే లేరా? ఎప్పుడూ ఒక్కడే తింటాడు!" అని నన్నే నిలదీసింది.

చావు అధ్యాయం రోజున ఎదురుగా కూర్చున్నాను. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని, తాపీగా పేజీలు తిప్పుతూ, నేను రాయని కథ చదివింది. విలన్‌కు జ్వరమొచ్చిందట, హీరో చెల్లెలు మిరియాల చారు పెట్టిందట, వాడు దొంగిలించినవన్నీ తిరిగిచ్చేశాడట. నేను నోరు తెరవబోతే ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూసింది. మూసుకున్నాను. అన్నయ్య కళ్ళు తుడుచుకుని, "భలే రాశావ్ చెల్లీ," అన్నాడు. చచ్చినవాడే లేచొచ్చి మెచ్చుకుంటే ఇక పగేం తీరుతుంది?

ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఒకరికోసం ఒకరు గొంతెత్తి చదివే తీరికా లేదు. పేజీని ఫొటో తీస్తే ఫోనే ఇంగ్లీషులోకి మార్చేస్తుంది, ఎవరి మీదా జాలిపడి ఒక్క దెబ్బ కూడా తగ్గించదు. అందుకే ఆ పదకొండు పేజీలూ ఫ్యామిలీ గ్రూపులో పెడదామని నిన్న పెద్దమ్మకు ఫోన్ చేసి, ఆ నోటుబుక్కు ఉందా అని అడిగాను.

ఉందట. వాషింగ్ మెషీన్‌కు ఒక కాలు పొట్టిదైతే దాని కింద పెట్టారట. తీస్తే మెషీన్ ఊగుతుందట.