సమ్మె రోజుల్లో ఒక సీటు

మాదాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైఅంతస్తులో ఆ కన్సల్టెంట్ గది ఉండేది. పేరున్న బిజినెస్ స్కూళ్లలో ఎవరికి సీటు వచ్చే అవకాశం ఎంతుందో చూసి చెప్పడం ఆయన పని. తనూ విదేశంలో అదే చదువు చదివి వచ్చినవాడు. నా మార్కులు, ప్రవేశ పరీక్ష స్కోరు, ఉద్యోగం వివరాలు చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"స్కోరు బాగుందమ్మా. కానీ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఈ వీధిలో ఏ తలుపు కొట్టినా దొరుకుతారు. వాళ్లలోంచి నిన్నే ఎందుకు తీసుకోవాలి?"

రెండు ఉంటే అవకాశం సగానికి సగం అన్నాడు. ఒకటి, ఇప్పటి మేనేజర్ రాసే సిఫారసు ఉత్తరం. రెండోది, ఇంకెవరూ చెప్పలేని కథ. కింద దోసెల పెనం మీద నీళ్లు చల్లుతున్న చప్పుడు వింటూ, నా బతుకులో అట్లాంటిది ఏముందా అని వెతుక్కున్నాను. నిజాంపేటలో హాస్టలు, పొద్దున్నే కంపెనీ క్యాబ్, సాయంత్రం అదే క్యాబ్. బంద్ వచ్చినప్పుడు సెలవు, దానికి బదులు శనివారం పని. నాలుగేళ్లుగా ఒకే కంపెనీ, ఒకే బ్యాంకు ప్రాజెక్టు. దాన్ని వదిలి వేరే ప్రాజెక్టుకు పోతానని అడిగిన ప్రతిసారీ, నీకే బాగా తెలుసు కదా అని మళ్లీ అందులోనే కూర్చోబెట్టేవారు. బాగా తెలియడమే నాకు తలుపు మూసింది.

మేనేజర్ది కోస్తా జిల్లా. మియాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని భార్యాపిల్లలతో ఉండేవాడు. మెత్తని మనిషి, ఎవరినీ అండీ అనకుండా పిలిచేవాడు కాదు. ఉత్తరం సంగతి అడిగితే కాదనలేదు.

"ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయ్యేదాకా ఆగండి. మీరు వెళ్లిపోతే ఈ పని చూసేవాళ్లెవరున్నారు చెప్పండి?"

రిలీజ్ వెనక రిలీజ్ వచ్చింది. ఒకరోజు లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. తెలంగాణ రాష్ట్రం వస్తే మమ్మల్ని ఇక్కడ ఉండనిస్తారా అండీ అని నెమ్మదిగా అడిగాడు. ఎందుకుండనియ్యరు సార్ అన్నాను. ఆయన తల ఊపాడు కానీ నమ్మినట్టు లేడు. నేను ఆయన ప్రాజెక్టులో ఇరుక్కున్నానని బాధపడుతుంటే, ఆయన కొనుక్కున్న ఇంట్లోనే ఇరుక్కుని ఉన్నాడు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. మా నాన్న మా జిల్లాలోనే బస్సు డిపోలో మెకానిక్. డిపో గేటు ముందు వేసిన టెంటులో పొద్దున పోయి కూర్చుంటే మళ్లీ మాపటికే ఇంటికి రావడం. నాకు మాత్రం అద్దాల మేడలో ఏసీ నడుస్తూనే ఉంది. సెలవు పెట్టి వస్తానని ఫోన్ చేస్తే నాన్న వద్దన్నాడు.

"నువ్వు డ్యూటీకి పో బిడ్డా. ఇంట్ల ఒక్కలన్న పనిల ఉండాలె గద."

మాటల మధ్యలో ఈ సంగతి చెబితే కన్సల్టెంట్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు, ఇదే నీ కథ అన్నాడు. నాన్న డిపోలో ఉద్యమాన్ని ముందుండి నడిపిస్తున్నట్టు, ఆయన్ని చూసి నేను నాయకత్వం నేర్చుకున్నట్టు వ్యాసం రాయమన్నాడు. హాస్టల్లో మంచం మీద కూర్చుని మొదలుపెట్టాను. ఎంత రాసినా నాన్నని పట్టుకెళ్లి ఎవరి ముందో నిలబెడుతున్నట్టు అనిపించి చెయ్యి ఆగిపోయింది. చివరికి ఆయన్నే అడిగాను.

"రాయి బిడ్డా, తప్పేముంది. గని నేను లీడర్‌నని రాయకు. టెంట్ల కూసున్న, గంతే."

అంతే రాశాను. కన్సల్టెంట్‌కి నచ్చలేదు.

ఆ వారంలోనే కూకట్‌పల్లి దాటకముందే మా క్యాబ్‌ని ఆపారు. మేనేజర్ మియాపూర్‌లోనే ఎక్కి ముందు సీట్లో ఉన్నాడు, నేను వెనక. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. కండువా వేసుకున్న ఒకతను కిటికీలోంచి మేనేజర్ని చూసి, జై తెలంగాణ అనమన్నాడు. ఆయన నోరు తెరవలేదు. నోరు తెరిస్తే యాస తెలిసిపోతుందని భయపడ్డాడో, అనడం ఇష్టం లేదో నాకు తెలియదు. మెడ మీద చెమట మాత్రం కనిపించింది. నేను తలుపు తీసుకుని దిగి, ఆ మాట అన్నాను. ఈ సార్ మాతోటే పనిచేస్తడన్నా, జర పోనియ్యండి అని అడిగాను. నీది ఏ ఊరని అడిగితే ఊరు చెప్పి, మా నాన్న డిపో టెంటులో ఉన్నాడని చెప్పాను. అతని మొహం మారిపోయింది.

"పో చెల్లె. ఈడ మేమున్నమని మీ నాయినకు చెప్పు."

మర్నాటి నుంచి మేనేజర్ తన కార్లోనే రావడం మొదలుపెట్టాడు. పక్క సీట్లోనే ఉండి కూడా ఏ సంగతైనా మెయిల్లోనే చెప్పేవాడు. గడువు దగ్గరపడుతోందని నేనే వెళ్లి ఉత్తరం సంగతి మళ్లీ అడిగాను. స్క్రీన్ వైపు చూస్తూనే అన్నాడు.

"ఇప్పుడు రాస్తే ఆ రోజు మీరు చేసినదానికి బదులు రాసినట్టుంటుందండి. అది నాకు ఇష్టం లేదు."

ముందు అడిగితే రిలీజ్ అడ్డం, ఇప్పుడడిగితే నేను చేసిన సాయమే అడ్డం. కోపం కూడా సరిగా రాలేదు. ఎప్పుడో పుణె వెళ్లిపోయిన పాత మేనేజర్‌ని బతిమాలితే, ఎవరికైనా సరిపోయే నాలుగు వాక్యాలు రాసి పంపాడు. అది చూసి కన్సల్టెంట్ ఇంక కష్టమేనమ్మా అన్నాడు.

అయినా ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అప్పటికి సమ్మె ఆగిపోయింది. రాష్ట్రం రాలేదు, నాన్న మళ్లీ బస్సుల కిందికి దూరాడు. ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ నా వ్యాసం చేతిలో పట్టుకుని, మీ నాన్న పని ఆపేశారు, మీరు ఒక్కరోజు కూడా ఆపలేదు, ఇద్దరిలో ఎవరిది సరైన పని అని అడిగింది.

ఇద్దరిదీ సరైనదే అనమని కన్సల్టెంట్ నేర్పించాడు. నా నోట అది రాలేదు. మా నాన్న పని ఆపితే బస్సు ఆగుతుంది, ఊరందరికీ తెలుస్తుంది, నేను ఆపితే నా పని మర్నాటికల్లా ఇంకో ఊళ్లో ఎవరో చేస్తారు, నేను ఆపినట్టు కూడా ఎవరికీ తెలియదు అన్నాను. మరి మీరు ఎటువైపు అంది ఆవిడ. నాకు రాష్ట్రం కావాలి, ఈ ఉద్యోగమూ కావాలి అన్నాను. ముగ్గురూ ఏదో రాసుకున్నారు. బయటికొచ్చాక అవకాశం ఎంతో లెక్కగట్టాలని కూడా అనిపించలేదు. ఆ జవాబు ఎవరూ రాసివ్వకుండా నేను చెప్పింది. అది చాలదని కూడా తెలుస్తూనే ఉంది.

సీటు రాలేదు. ఆ సంగతి ఆఫీసులో మెట్ల దగ్గర నిలబడి చదివి, నాన్నకి ఫోన్ చేశాను. ఆయన వెనక ఇంజన్ చప్పుడు వినిపిస్తోంది.

"మల్ల రాస్తవా?" అన్నాడు.

తెలియదు నాన్నా అన్నాను. సరే, తిని పండుకో అని పెట్టేశాడు. మర్నాడు శనివారం. సమ్మె రోజుల్లో బంద్‌లకు ఇచ్చిన సెలవులకు బదులు ఇంకా పనికి రమ్మంటూనే ఉన్నారు. నేను వెళ్లేసరికి మేనేజర్ తన సీట్లో ఉన్నాడు. నన్ను చూసి, ఏమైందండీ అని అడిగాడు, నోటితోనే. రాలేదు సార్ అన్నాను. ఆయన మొహంలో కనిపించిన ఊరట దాచుకోవాలని చూశాడు కానీ చేతకాలేదు. నేను కంప్యూటర్ ఆన్ చేసి కూర్చున్నాను.