ఖాళీ అని కొట్టిన నోరా

ఎనిమిదేండ్లు. ఒక్క అబద్ధం. ఇంట్ల చెప్పలే, దోస్తులకు చెప్పలే. ఇగ మోసుడు నా వల్ల కాదు. మీకే చెప్తున్న, జర వినండి.

అప్పుడు హైటెక్ సిటీల ఒక ఆఫీసుల నా పని, పాత జనాభా లెక్కల కాగితాలు చూసి కంప్యూటర్ల ఎక్కించుడు. ఐర్లాండ్ నుంచి ఓడెక్కి అమెరికా పోయిన కుటుంబాలు. వాళ్ల మనవలు, మునిమనవలు మేం ఎక్కించిన పేర్లు పట్టుకునే తమవాళ్లను వెతుక్కుంటరు. ఒకే పేజీని ఇద్దరు వేర్వేరుగా కొట్టాలె. తేడా వస్తే మూడో మనిషి చూస్తడు, మాకు మార్కులు తగ్గుతయి. అందుకే నేనూ పక్క సీటు స్వప్నా ముందే గుసగుసలాడుకొని ఒకే తీరు కొట్టేటోళ్లం. పెద్ద తెలివిగల్లోళ్లం!

ఓ సాయంత్రం ఒక ఇంటి చివరి వరుస మీద సిరా ఒలికి ఉన్నది. పెద్దగ చేసి చూసిన. నోరా, ఐదేండ్లు. మిగతా గడులు అర్థం కాలే. కింద ఇంటికి పోయే క్యాబ్ ఆగి ఉన్నది. ఖాళీ అని కొట్టిన, స్వప్ననూ అట్లనే కొట్టమన్న. ఇద్దరిదీ కలిసింది, ఎవ్వరూ అడగలే.

కొన్ని నెలలకు అమెరికా నుంచి ఒక పెద్దామె మా ఆఫీసుకు మెయిల్ పెట్టింది. వాళ్ల నాయనమ్మ పోయేదాక చెల్లె నోరాను తలుచుకొని ఏడ్చిందట. అసలు చెల్లెనే లేదు, ఈమెకు మతి తప్పిందని ఇంట్ల అందరూ అనేటోళ్లట. లెక్కల్ల నోరా ఉన్నదా అని అడిగింది.

మా టీం లీడర్ది భీమవరం. నన్ను పిలిచిండు.

"ఆ పేజీ మీరే కదండీ చేశారు? పిల్ల పేరేమైనా ఉందాండీ?"

"లేదు సార్. బాగ చూసిన."

ఎందుకన్న అట్ల? ఉద్యోగం పోతదనా? పోయేది కాదు. మా దొంగాట బయటపడి నలుగుర్ల తలదించుకోవాలె అని, అంతే. ఆ కాస్త సిగ్గు కోసం, నిజం చెప్పి చెప్పి చచ్చిపోయిన ఒక ముసలమ్మను మళ్ల పిచ్చిదాన్ని చేసిన. థూ, నా బుద్ధి!

మొన్న నల్లగండ్లల మా ఫ్లాటుకు జనాభా లెక్కల మేడం వచ్చింది. మా పాప పేరు ఎక్కించిందా లేదా అని ఆమె ఫోన్లకు మూడుసార్లు తొంగి చూసిన. ఎందుకమ్మా అంత పరేషాన్ అని నవ్వింది. ఆమె పోయినంక కూసోని ఏడ్చిన.

ఆ వెబ్‌సైట్ల తప్పులు ఎవరైనా దిద్దొచ్చు. పేజీ దొరకబట్టి ఆ వరుస నింపిన. పెద్దామెకు నా పేరు పెట్టి రాసిన: మీ నాయనమ్మకు మతి తప్పలే, అబద్ధం చెప్పింది నేను.

ఆమె బతికున్నదో లేదో. మాఫీ అడిగే మొఖం లేదు, అడగలే. జవాబూ రాలే. అయినా గుండె జర తేలికైంది. ఇయ్యాల పొద్దున ఆ ఇంటి పేరు కొట్టి చూసిన. అక్క పేరు కిందనే నోరా వచ్చింది.