గుట్టకు ధోవతి

కొలత లేని మాటను నేను నమ్మను. కనుక కొలతలతోనే మొదలుపెడతాను. ఎల్లారెడ్డి ఊరి అవతల, మా గుట్ట రాతిలో నిలువునా చెక్కిన జైన విగ్రహం ఎత్తు ఎనిమిది గజాలు. నడుము, ఈ అంచు నుంచి ఆ అంచుకు, మూడు గజాల మీద బెత్తెడు. ఒంటిపై నూలుపోగు లేదు. వస్త్రం విడవడమే ఆ ముని వ్రతమని మా ఊరికి తెలియదు. బరిబాతల దేవుడని సిగ్గుపడేవారు.

పందొమ్మిది వందల ముప్పైల నడుమ, నేను మగ్గమెక్కిన ఆరో ఏట, ఊరి పటేలు ఆ దేవుడికి ధోవతి మొక్కుకున్నాడు. గుట్ట ఎక్కి చూడకుండానే, ఒక చుట్టుకు తొమ్మిది గజాలు చాలునని మా బాపుకు పురమాయించాడు. కామారెడ్డి నూలుతో బాపు తొమ్మిది గజాలూ నేసి, ఎప్పటిలాగే బెత్తెడు కొసరు వదిలాడు.

జాతరనాడు జీతగాళ్లు నిచ్చెనలెక్కి బట్ట చుట్టబోయారు. కొసలు కలవలేదు.

"ఏందిరా, అందుతలేదా?" అని కింద నుంచి పటేలు అడిగాడు.

"అందుతలేదు పటేలా."

ఎందుకో చెప్పే ధైర్యం వాళ్లకు లేదు. పటేలు జనంలోనే బాపు వైపు తిరిగాడు. "దేవుని నూలు గూడ మింగినవారా, దొంగ?"

బాపు ఆ తర్వాత మగ్గం మీద కూర్చోలేదు.

మర్నాడు గజంబద్దతో నేనే గుట్ట ఎక్కాను. విగ్రహానికి వీపే లేదు. వెనుక ఉన్నది గుట్ట. ఆ సంగతి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. పగ చల్లారకూడదని కొలతలను బొగ్గుతో గోడమీద రాసుకొని రోజూ చదివాను.

మరుసటి జాతరకు పటేలు, రామారెడ్డి అనే ఊరి నుంచి పదిహేను గజాల బట్ట తెప్పించాడు. జీతగాళ్లకన్నా ముందే నిచ్చెన నేనెక్కాను. ఒక కొస పట్టుకొని, రెండోది ఆయన ముందుకు వదిలాను.

"పటేలా, గా కొస మీరే పట్టుండ్రి. దేవుని ఎన్కకెల్లి తెచ్చియ్యుండ్రి. నేనీడనే ఉంట."

జనంలో ఒక అవ్వ అందుకుంది. "ఎన్క గుట్టనాయె బిడ్డా. గుట్టకు ధోతి గడుతడా పటేలు?"

జాతరంతా నవ్వింది. పటేలు వెళ్లిపోయాడు గాని, అన్న మాటను వెనక్కు తీసుకోలేదు. ఆ వానాకాలమే బాపు పోయాడు, దొంగ అన్న మాటతోనే.

నలభైల మొదట్లో పటేలు చనిపోయాడు. శవంపై కప్పే బట్టకు ఆయన కొడుకు నా దగ్గరికే వచ్చాడు.

"ఎన్ని గజాలు?" అన్నాను.

"నీకు తెల్వదా అన్నా?"

"నూలుదొంగ కొడుకును. నా లెక్క మీకెట్ల నమ్మకమైతది? కొలిచి తే."

తండ్రిని దారంతో కొలిచి తెచ్చాడు. ఆ దారం పరిచి, సరిగ్గా దాని కొసకే బట్ట కోశాను. బెత్తెడు కొసరు వదలలేదు.